హెర్నియా వలలు: బలమొక్కటే ప్రమాణమా?

పిడుగురాళ్ల సున్నపు బస్తాలు మోయువారికి, నరసరావుపేట వైపు మిరప టిక్కీలు ఎత్తువారికి హెర్నియా క్రొత్త మాట కాదు. పొట్టగోడలో బలహీనమైన చోటునుండి ప్రేగు వెలుపలికి ఉబుకుటయే ఈ వ్యాధి. ఆ సందును దారముతో బిగించి కుట్టుటకు బదులు, దానిపై ప్లాస్టిక్ వలను పరచు పద్ధతిని 1980లలో అమెరికాలో లిక్టెన్‌స్టీన్ ప్రచారములోనికి తెచ్చెను. ఆ వలకు ఏ పదార్థము మేలనునది నేటికిని వాదవిషయమే.

ఈ వాదములో తరచు ముందుకు వచ్చునది బలము. ఇది ప్రక్కదారి పట్టిన లెక్క. పొట్టగోడపై పడు అత్యధికమైన లాగుడు సెంటీమీటరు వెడల్పునకు సుమారు 16 న్యూటన్లని జర్మనీలో క్లింగే బృందము లెక్కకట్టినది. బరువైన పాలీప్రొపిలీన్ వలలు 100 న్యూటన్ల వరకు ఓర్చును. కావలసినదానికి ఆరింతలున్నదానిని ఇంకను బలమైనదని మెచ్చుకొన్నచో రోగికి ఒరుగునదేమి? పైగా పదార్థము హెచ్చినకొలది దానిచుట్టు మచ్చ దట్టముగా పెరిగి పొట్టగోడ బిరుసెక్కును.

అసలు చూడవలసినది వల కన్ను. బాక్టీరియా వెడల్పు ఒక మైక్రాను పాటిది. వానిని మ్రింగు మాక్రోఫేజి కణములు స్వేచ్ఛగా దూరుటకు 75 మైక్రానులకు మించిన కన్ను కావలెను. 10 మైక్రానులకన్న సన్నని రంధ్రములుగల టెఫ్లాన్ పలకలో దొంగ దూరును, తలారి దూరలేడు. అందుచేతనే చీము పట్టినచో ఆ పలకను తరచు తీసివేయవలసి వచ్చును. ఈ విషయమున పెద్ద కన్నుల పాలీప్రొపిలీన్‌దే పైచేయి.

కన్నే ప్రధానమైనచో దోమతెర ఏల పనికిరాదు? మహారాష్ట్రలోని దొండాయిచాలో డాక్టరు టోణగావ్‌కర్ దానిని వాడి, ఇతర సర్జనులతో కలిసి 2003లో ఫలితములు ప్రకటించెను. ఉగాండాలో 302 మంది పురుషులపై జరిపి 2016లో ప్రకటించిన పరిశోధనలో, ఏడాది తిరుగుసరికి దోమతెర గుడ్డ వేసినవారిలో ఒక్కరికే వ్యాధి తిరుగబెట్టినది. ఖరీదైన వల వేసినవారిలో ఎవ్వరికిని లేదు. కూలివానికి ఇది చిన్న వార్త కాదు. అయితే వల దేహములో జీవితాంతము ఉండునది. ఏడాది గమనించి దీర్ఘకాలపు తీర్పు చెప్పరాదు.

‘దోమతెర’ అను పేరే మరొక చిక్కు. బజారులోని తెరలన్నియు ఒకే పాలిమరు కావు. క్రిమిసంహారిణి పూసినది అసలే తగదు. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల వద్ద గాని కరగదు. పాలిథిలీన్ తెర అట్లు కాదు. ప్రెషరు కుక్కరువంటి ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరికి నిలుచును. 134 డిగ్రీలకు పెంచినచో ముడుచుకొనిపోవును.