గోడ మీదుగా జీకో బంతి

1982 జూన్ 18. స్పెయిన్‌లోని సెవిల్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ మ్యాచ్. బ్రెజిల్ మీద స్కాట్లండ్ ముందే ఒక గోల్ కొట్టేసింది. అంతలో బ్రెజిల్‌కు ఫ్రీకిక్ దక్కింది. జీకో కుడికాలితో తన్నిన బంతి డిఫెండర్ల తలల మీదుగా లేచి, వంపు తిరిగి గోల్ పైమూలలోకి దిగింది. గోల్‌కీపర్ అలన్ రఫ్ నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. బ్రెజిల్ 4-1తో గెలిచింది.

ఆ పనితనం ఎంత కష్టమో చూడండి. డిఫెండర్ల గోడ బంతికి 9.15 మీటర్ల దూరంలో ఉంటుంది. గోల్ అడ్డకర్ర ఎత్తు 2.44 మీటర్లే. బంతి గోడ దాటేంత లేవాలి, అడ్డకర్ర కిందికి దిగిపోవాలి. బలం ఎక్కువైతే ప్రేక్షకుల్లోకి పోతుంది, తక్కువైతే కీపర్ చేతికి చిక్కుతుంది. బంతిని నడిమధ్యన కాకుండా ఒక పక్కన, పాదం లోపలి అంచుతో ఒరుసుకుంటూ తంతే అది గిర్రున తిరుగుతూ వెళ్తుంది. తిరిగే బంతి గాలిని ఒక పక్కకి నెడుతుంది, తను రెండో పక్కకి వంగుతుంది. జీకోకి ఆ వంపు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ముగియాలో కొలిచినట్టు తెలుసు.

ఇదంతా పుట్టుకతో వచ్చిన విద్య కాదు. 1953లో రియో శివారు క్వింటినోలో పుట్టిన జీకో బక్కపలచని కుర్రాడు. ఫ్లమెంగో క్లబ్ ప్రత్యేక వ్యాయామం, ఆహారంతో అతని ఒంట్లో సత్తువ నింపింది. మిగతాది అతని సాధన. అందరూ వెళ్లిపోయాక మైదానంలో ఉండిపోయి, గోల్ మూలన చొక్కా వేలాడదీసి దానికే గురిపెట్టేవాడు.

1981 డిసెంబరులో టోక్యోలో ఫ్లమెంగో 3-0తో లివర్‌పూల్‌ను ఓడించింది. జీకో ఒక్క గోల్ కూడా కొట్టలేదు. అయినా సహచరుడు నూనెస్ కొట్టిన రెండు గోల్స్‌కూ బంతి అందించింది అతనే. అతని ఫ్రీకిక్‌ని కీపర్ పూర్తిగా ఆపలేకపోతే ఆ బంతినే మరో సహచరుడు అదీలియో గోల్‌లోకి పంపాడు.

1986 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో ఫ్రాన్స్ మీద అతని పెనాల్టీని కీపర్ బాత్స్ ఆపేశాడు. తర్వాత అదే మ్యాచ్ షూటౌట్‌లో మళ్లీ ముందుకొచ్చి గోల్ కొట్టాడు. జట్టు మాత్రం ఓడింది. తప్పిన చోటికే తిరిగి వెళ్లి నిలబడటానికి ఎంత గుండె దిటవు కావాలి!

1991లో జపాన్‌లోని కషిమా వెళ్లి, ఒక కంపెనీ జట్టులో చేరాడు. అదే కషిమా ఆంట్లర్స్ అయింది. 1993లో జె-లీగ్‌లో ఆ జట్టు ఆడిన తొలి మ్యాచ్‌లోనే, నలభై ఏళ్ల వయసులో మూడు గోల్స్ కొట్టాడు. తర్వాత జపాన్ జాతీయ జట్టుకు కోచ్‌గా 2004 ఆసియా కప్ గెలిపించాడు. 2014లో గోవా జట్టు కోచ్‌గా మన దేశానికీ వచ్చాడు.

జీకోకి ప్రపంచకప్ అందలేదు. అది లెక్క చూసేవాళ్ల లోటు. ఆట చూసేవాళ్లకి మాత్రం, ఒక మనిషి తన పనిని ఎంత దూరం తీసుకుపోగలడో అతని ప్రతి ఫ్రీకిక్ చెబుతూనే ఉంటుంది.