పానా పట్టే ముందు

పాత అంబాసిడర్ జర్క్ కొడుతోందని షెడ్డుకు తీసుకెళ్తే, మన దగ్గర మొదట వినిపించే మాట ‘క్లచ్ ప్లేటు పోయింది సార్’. కాకపోతే ‘క్రాసులు లూజయినయ్’. ఇరవై, ముప్పై ఏళ్లు నడిచిన బండిలో ఈ రెండూ ఎంతో కొంత అరిగే ఉంటాయి కాబట్టి అబద్ధమని కొట్టిపారేయలేం. కానీ అరిగిన భాగమే దోషి కావాలని ఏముంది? ఈ తేడా తెలిసిన మెకానిక్కులు తక్కువ. కరీంనగర్‌లో జగిత్యాల రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డులో పనిచేసే ఉస్తాద్ వారిలో ఒకడు. పేరు రాయొద్దన్నాడు కనుక ఉస్తాద్ అనే అంటాను.

బండి నిర్మల్ నుంచి వచ్చింది. మా మిత్రుడిది, పెట్రోలు అంబాసిడర్. మూడో గేర్‌లో ముప్పై స్పీడు దగ్గర యాక్సిలరేటర్ పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనిస్తే చాలు, వెనక నుంచి ఎవరో పట్టి గుంజి వదిలినట్టు ఊగుతుంది. అప్పటికే ఒకచోట క్లచ్ ప్లేటు కొత్తది వేశారు. ఊపు మాత్రం తగ్గలేదు.

తక్కువ స్పీడులోనే ఇది ఎందుకు తెలుస్తుందంటే, నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్క చుట్టుకు రెండుసార్లు మండుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 100 దెబ్బలు. అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఫ్లైవీల్ మిగతాది సర్దేస్తుంది. 1500కు దిగితే దెబ్బలు 50 అవుతాయి. అందులో ఒకటి తప్పిందా, ఆ ఖాళీ గేర్ బాక్సు, వెనక ఇరుసుకు పోయే జాయింట్ రాడ్డు (దాని కీళ్లే ఈ క్రాసులు), క్రౌన్ పినియన్‌ల మీదుగా చక్రం దాకా పోతుంది. దారిలో ఉన్న ప్రతి లూజూ దాన్ని ఇంకాస్త పెద్దది చేస్తుంది. కూర్చున్నవాడికి తెలిసేది ఆ చివరి దెబ్బ ఒక్కటే. అది ఎక్కడ పుట్టిందో నడుముకు తెలియదు.

ఉస్తాద్ బానెట్ ఎత్తలేదు. ముందు ప్రశ్నలు వేశాడు.

“ఏ గేర్ల గుంజుతది సార్?”

“మూడుల ఎక్కువ. టాప్‌ల కూడా.”

“నిలవడ్డప్పుడు?”

“మంచిగనే ఉంటది.”

“గట్టిగ తొక్కితె?”

“పోతది. మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు అసలే ఉండదు.”

ఈ చివరి జవాబుకు ఆయన తల ఊపాడు. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. ప్లగ్గులు గానీ కాయిల్ గానీ బలహీనపడితే ఎత్తు ఎక్కేటప్పుడు, అంటే ఇంజన్ మీద బరువు పడ్డప్పుడే ఎక్కువ మిస్సవ్వాలి. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ నిప్పురవ్వ దూకడం కష్టం. ఇక్కడ కథ తిరగబడింది: బరువు పడితే బాగుంటుంది, తేలికైతే చెడుతుంది. ఘాట్ రోడ్డు గురించిన ఒక్క ముక్కతో ఇద్దరు అనుమానితులు దాదాపు పక్కకు తప్పుకున్నారు.

తర్వాత అలుగునూరు వైపు తీసుకెళ్లాడు. అంబాసిడర్‌లో ఇంజన్ చుట్లు చూపే మీటరు ఉండదు, ఆయన చెవే మీటరు. రెండో గేర్‌లో ఇరవై, మూడులో ముప్పై, టాప్‌లో నలభై అయిదు దగ్గర ఒకే మోత తెచ్చి, మూడు చోట్లా పెడల్‌ను తేలిగ్గా పట్టుకున్నాడు. మూడు చోట్లా ఊపు వచ్చింది. జాయింట్ రాడ్డో దాని క్రాసులో కారణమైతే ఊపు బండి వేగాన్ని బట్టి రావాలి, ఎందుకంటే అవి చక్రాలతో కలిసి తిరుగుతాయి. ఇది ఇంజన్ మోతను బట్టి వచ్చింది. ఇక క్లచ్ సంగతి. “క్లచ్ అదిరితె బండి కదిలేటప్పుడు అదురుతది. మొత్తం పట్టినంక అదరదు,” అన్నాడు. కొత్త ప్లేటు వేయించిన మా మిత్రుడు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

అయినా షెడ్డుకు తిరిగొచ్చాక బండి కిందికి దూరాడు. చక్రాలకు అడ్డం పెట్టించి, జాయింట్ రాడ్డును చేత్తో అటూ ఇటూ తిప్పి, లూజు క్రాసులో ఎంతో, క్రౌన్ పినియన్‌లో ఎంతో విడివిడిగా చూశాడు. ఫౌండేషన్ రబ్బర్లు కూడా చూశాడు. “ఉన్నది. వయసుకు తగ్గ లూజే. నడుస్తది,” అని బయటికొచ్చాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. లూజు కళ్లముందు ఉంది, చూపించి డబ్బు అడగడం సులువు, అడిగితే మేం ఇచ్చేవాళ్లం కూడా.

ఇప్పుడు బానెట్ లేచింది. చోక్ కొంచెం లాగించి చూశాడు. పెట్రోలు తక్కువై, గాలి ఎక్కువై ఊగుతుంటే దీనితో తగ్గాలి, తగ్గలేదు. కార్బొరేటర్ కూడా అనుమానం నుంచి బయటపడింది.

ఆ తర్వాత చేసిన పని నిదానంగా చెప్పుకోవాలి. కార్బొరేటర్ నుంచి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు ఒక సన్నని గొట్టం వెళ్తుంది. పెడల్ తేలిగ్గా ఉన్నప్పుడు ఇంజన్ పీల్పు ఆ గొట్టంలోంచి లాగి, డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు బిగించిన పళ్లేన్ని కాస్త తిప్పుతుంది. నిప్పు కొంచెం ముందుగా పడుతుంది. గట్టిగా తొక్కితే ఆ పీల్పు పడిపోతుంది, పళ్లెం వెనక్కి వస్తుంది. ఈ బండి నిలబడి ఉన్నప్పుడు కూడా అక్కడ పీల్పు ఉండదు. అంటే పళ్లెం కదిలేది ఊపు వచ్చే ఆ ఒక్క స్థితిలోనే.

కుర్రాణ్ని పెడల్ మీద కూర్చోబెట్టి ఇంజన్‌ను ఒకే మోత మీద ఆపించాడు. సైలెన్సర్ చివర అరచెయ్యి పెట్టాడు. గాలి దెబ్బల్లో ఉండుండి ఒక తడబాటు. గొట్టం పీకి కార్బొరేటర్ వైపు రంధ్రం మూశాడు. తడబాటు పోయింది. మళ్లీ తగిలించాడు. వచ్చింది. ఇంకోసారి పీకాడు. పోయింది. ఒకసారి కుదిరితే కాకతాళీయం కావచ్చని, అన్నిసార్లూ కుదిరేదాకా ఆయన ఒప్పుకోలేదు.

ఇంజన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, గొట్టాన్ని నోట పెట్టుకుని పీల్చాడు. నాలుకతో మూసి పట్టుకున్నాడు. పళ్లెం కదిలి అక్కడే నిలిచింది, కాబట్టి పీల్పుతో పళ్లేన్ని లాగే డయాఫ్రం చిరగలేదు. మరి దోషి? పళ్లెంతో పాటు కదిలే ఒక పొట్టి వైరు. పైన తొడుగు చక్కగా ఉంది. దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టి అంగుళం మేర నలుపుతూ వెళ్లాడు, ఒకచోట వేలు ఆగింది. అక్కడ లోపల గట్టిదనం లేదు. కోసి చూపించాడు: రాగి పోగులు దాదాపు అన్నీ తెగి, ఒకటి రెండు మాత్రం అంటుకుని ఉన్నాయి. పళ్లెం కదిలినప్పుడల్లా అవి ఎడబాస్తున్నాయి, కరెంటు క్షణం ఆగుతోంది, ఇంజన్ ఒక దెబ్బ తప్పుతోంది.

కొత్త వైరు ఎంచుకోవడంలోనూ ఆయన తొందరపడలేదు. చేతికందిన మందపాటి వైరు పక్కన పడేశాడు. అది వంగదు, వంచితే మళ్లీ అక్కడే తెగుతుంది. సన్నని పోగులు ఎక్కువగా ఉన్న మెత్తని వైరు వెతికి, పళ్లెం రెండు కొసలకూ కదిలినా బిగుసుకోనంత వదులిచ్చి అతికాడు. పాయింట్ల గ్యాపు పదిహేను థౌకు, అంటే 0.4 మిల్లీమీటరుకు కాస్త లోపు, సరిచేశాడు. తిరిగి అదే రోడ్డు మీద, అవే మూడు గేర్లలో, అదే మోతతో నడిపి చూశాడు. ఊపు లేదు. లూజు ఎక్కడిది అక్కడే ఉంది, దాన్ని రెచ్చగొట్టేది పోయింది.

కరీంనగర్ వెండి తీగ పనికి జి.ఐ. గుర్తింపు ఉంది, నిర్మల్ బొమ్మలకూ ఉంది. ఈ రాగి తీగ పనిని ఎవరూ అద్దాల బీరువాలో పెట్టరు, పెట్టనక్కర్లేదు కూడా. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పటి బండ్లలో పాయింట్లు లేవు, స్కానర్ తగిలిస్తే తప్పు కోడ్ రూపంలో వస్తుంది. అయితే స్కానర్ కూడా అనుమానితుడి పేరు చెప్పి ఊరుకుంటుంది. తగిలించి, పీకి, మళ్లీ తగిలించి చూసే ఓపిక మెకానిక్‌కే ఉండాలి.

మీ దగ్గర పాత బండి ఉండి ఇలా గుంజుతుంటే, షెడ్డుకు వెళ్లే ముందు కొన్ని సంగతులు గమనించి పెట్టుకోండి. ఏ గేర్‌లో, ఎంత స్పీడులో వస్తోంది? గట్టిగా తొక్కితే పెరుగుతోందా, పోతోందా? ఎత్తు ఎక్కేటప్పుడు ఎలా ఉంది? ఇవి అడగకుండానే గేర్ బాక్సు దించుదామన్నవాడికి తాళం చెవి ఇవ్వకండి.