నిత్యోపయోగ వస్తువులు – అలంకారము

హిమాయత్‌నగరు, ఆబిడ్సు ప్రాంతముల గృహస్థులు శీతకాలమున సకుటుంబముగా నాంపల్లి నుమాయిషునకు పోవుచుందురు. 1938లో పబ్లిక్ గార్డెన్సున ఆరంభమైన ఆ ప్రదర్శనము 1946లో నాంపల్లికి మారినది. అచ్చట నగిషీపాత్రను చేతికెత్తి చూచినవారు రెండు మాటలు పలుకుదురు: “ఎంత అందముగా నున్నది!” అని యొకటి, “దీనితో మనకేమి పని?” అని మఱియొకటి. ఈ రెండవ మాటయే విమర్శకు తగినది.

బిదరీ పనిని చూడుడు. తుత్తునాగ మధికముగను రాగి స్వల్పముగను కరగించి, యిసుక అచ్చున పోతపోసి, ఉలితో చెక్కి, ఆ చెక్కిన గాళ్లలో వెండి పొదుగుదురు. బీదరు కోటమట్టిని నవాసారముతో కలిపి ప్రయోగింపగా పాత్ర నల్లబడును. వెండి మాత్రము తెల్లగనే నిలుచును. పూర్వ మీ నేర్పు తమలపాకుల పెట్టెలకును, హుక్కా కుదుళ్లకును, చేతులు కడుగుకొను చెంబులకును వినియోగపడెను. అనగా దినమునకు పదిమారులు చేతబట్టు వస్తువులే యంత సొగసుగా నుండెడివి. నేడు వానిలో పెక్కులు అద్దాల బీరువాలకే పరిమితములు.

సంస్కృతమున ‘అలమ్’ అనగా చాలినది, తగినది. కావున అలంకరించుట యనగా వస్తువును తన పనికి సమర్థముగా జేయుట యని ఆనంద కుమారస్వామి (1877–1947) విశదీకరించెను. మట్టికూజా యిందుకు నిదర్శనము. దాని మేని చెమ్మ గాలికి ఆరుచు లోని వేడిమిని గొనిపోవుటచేతనే నీరు చల్లబడును. సొగసు కొఱకు నిగనిగలాడు రంగు పూసితిమేని సూక్ష్మరంధ్రములు మూసికొనిపోవును. కూజా నిలుచును గాని నీరు చల్లబడదు. అది అలంకారము గాదు, అపకారము.

హుక్కాలు పోయినవి, తమలపాకుల పెట్టెలు తగ్గినవి, పనివాడు బ్రతుకవలదా యని కొందఱందురు. న్యాయమే. అలంకారవస్తువులు కొనుట దోషము గాదు. యంత్రము శత్రువును గాదు. చక్కగా ధారపడు ఉక్కుచెంబును అందమైనదే. కాని వాడుకొనువాడు మూత బిగువును, పిడి కుదురును తప్పక పరీక్షించును. బీరువాలో నుంచువాడు పరీక్షింపడు. పరీక్షించువారు లేనిచోట నేర్పు క్రమముగా క్షీణించును.

సోదరీసోదరులారా! కలము పట్టిన చేయి ఉలి పట్టిన చేతికంటె గొప్పదను దురభిమానమును మన బిడ్డలకు నేర్పకుందము. ఇంటికి చేతిపని వస్తువు నొకదానిని తెచ్చినప్పుడు దానిని దాచక వాడుదము. లోపమున్నచో పనివానికి తెలుపుదము, బాగున్నచో బేరమాడక తగిన వెల యిత్తము. అతని నేర్పునకు మనము చేయగల గౌరవ మిదియే.