సానుభూతి ఎవరికి?

కమల్ హాసన్ ‘పోతురాజు’ (2004) ఉరిశిక్షను ఖండిస్తుంది. జైల్లో శత్రువు చెప్పిన కథలో నాయకుడు కిరాతకుడు. తాను చెప్పుకున్న కథలో మంచివాడు. మనం రెండోది నమ్మి, ఉరి వద్దంటాం. నా పేచీ ఇక్కడే. మంచివాణ్ణి ఉరితీయవద్దనడానికి సిద్ధాంతమెందుకు?

1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఇద్దరు దళిత యువకులు దోపిడీకని బస్సు తగలబెట్టారు. 23 మంది చనిపోయారు; మా తిరువూరు బస్సెక్కేవాళ్ళలాంటి మామూలు జనమే. నేరం రుజువైంది. ఐనా హక్కుల ఉద్యమం ఉరి వద్దన్నది. 1998లో రాష్ట్రపతి నారాయణన్ దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చారు.

కాలిపోయినవారికోసం ఏడుస్తూనే, కాల్చినవాడి మెడకు ఉరితాడు వద్దనగలగాలి. మన సానుభూతికి అసలు పరీక్ష అది. ‘పోతురాజు’ ఆ పరీక్షకు కూర్చోలేదు.