ఏ ఉదయగిరి? ఏ ఆత్మకూరు?

నెల్లూరు జిల్లా ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో, పిడిలో సన్నని చిల్లులు పడేలా నగిషీ చెక్కి చేసే చెంచా అది. ఇంత పేరున్న సరుకు గూగుల్‌లో వెతికేవాళ్లకు దొరకాలంటే .ఇన్ చిరునామా కొంటే చాలని చాలామంది అంటారు. నాకు ఆ మాట సగమే నిజమనిపిస్తుంది. .ఇన్ ఉంటే ఆ పేజీ భారతదేశం వాళ్ల కోసమని గూగుల్ తీసుకుంటుంది, అంతవరకు మేలే. కానీ భువనేశ్వర్ దగ్గరి ఉదయగిరి జైన గుహలు, విదిశ దగ్గరి గుప్తుల కాలపు ఉదయగిరి గుహలు కూడా మన దేశంలోవే కదా. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న మన ఉదయగిరి దుర్గాన్ని వాటి నుంచి ఏ .ఇన్ వేరు చేస్తుంది? మన జిల్లాలోని ఆత్మకూరుది ఇంకా చిక్కు. నెల్లూరు జిల్లాలో ఒకటి, నంద్యాలలో ఒకటి, తెలంగాణలో వనపర్తి, హనుమకొండ జిల్లాల్లో మరో రెండు. దేశం పేరుతో తేలే విషయం కాదిది. జిల్లా పేరు, మండలం పేరు, సోమశిల జలాశయం, పెన్నా నది లాంటి ఆనవాళ్లు పేజీలో మాటలుగా ఉండాలి. యంత్రం చదివేది వాటినే.

సర్వర్ ఇండియాలో పెడితే సరిపోదా అని మరో ప్రశ్న. ఇప్పుడు ఒకే పేజీ నకళ్లు ప్రపంచమంతా ఉన్న సర్వర్ల నుంచి వస్తున్నాయి. కాబట్టి సర్వర్ ఎక్కడుందనే దానికి పెద్ద విలువ లేదు. పేజీ ఏ దేశం వాళ్ల కోసమో మనమే ఎంచుకునే సదుపాయం గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఉండేది, దాన్ని 2022లో తీసేశారు. 2017 నుంచి గూగుల్ తన చిరునామా చివర ఏముందో కాక, వెతికే మనిషి ఎక్కడున్నాడో చూసి ఫలితాలిస్తోంది. అంటే డాలస్‌లో ఉన్న తెలుగువాడికి మన .ఇన్ పేజీ కొంత వెనక్కి పోవచ్చు. విదేశీ కొనుగోలుదార్లు కావాలనుకుంటే .కామ్ తీసుకుని, ఇండియాకు తెలుగు పేజీ, అమెరికాకు ఇంగ్లిషు పేజీ విడిగా పెట్టి, రెండింటినీ, ఏ పేజీ ఏ భాషకు, ఏ దేశానికో చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ గుర్తుతో ఒకదానికొకటి ముడివేయాలి. ఒకవైపే ముడివేస్తే ఆ గుర్తు పనిచేయదు.

పొద్దస్తమానం ఉలి పట్టుకునే మనిషికి ఇవన్నీ ఎక్కడ కుదురుతాయని ఎవరైనా అడిగితే కాదనలేను. ఆ భారం అతని మీద వేయడమే తప్పు. అమ్మకాలకు ప్రభుత్వ హస్తకళల లేపాక్షి దుకాణాలున్నాయిగా అనేవాళ్లూ ఉన్నారు. దుకాణానికి వచ్చేవాడికి అది చాలు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో వెతికేవాడికి చాలదు. ఉదయగిరి, ఆత్మకూరు కాలేజీల్లో చదివే పిల్లలకు ఇలాంటి పేజీ తయారుచేయడం రెండు సాయంత్రాల పని. వాళ్లను అడిగేది ఒకటే: మీ ఊరి గురించి ఏం రాసినా, మొదటి వాక్యంలోనే ఊరు, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని తెలుగులోనూ ఇంగ్లిషులోనూ పూర్తిగా రాయండి.