భయానకం కవి సొత్తు

ఎడ్గార్ ఎలన్ పో కవితలూ కథలూ ఒకే సంపుటంగా తెలుగులోకి వస్తున్నాయి. అనువదించిన అమ్మాయి స్వయంగా కవి, హారర్ కథలూ రాస్తుంది. ఈ కబురు విని నేను ఎందుకింత సంబరపడ్డానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. మన దగ్గర దెయ్యం కథంటే రైల్లో చదివి సీటు మీదే వదిలేసే పుస్తకం. దానికి పీఠికలుండవు, సమీక్షలుండవు. కవిత్వానిది వేరే పీట. పో రెండూ రాశాడు కాబట్టి అతణ్ణి రెండుగా చీల్చి, కథకుణ్ణి ఒకరం, కవిని ఇంకొకరం పంచుకున్నాం. ఈ పుస్తకంలో ఆ మనిషి మళ్ళీ ఒక్కడయ్యాడు.

ఈ చీలిక మన ఆలంకారికులకు తెలియదు. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రసాల్లో భయానకం శృంగార, కరుణ, వీరాల సరసనే కూర్చుంది. భయం దాని స్థాయిభావం, నలుపు దాని వర్ణం, కాలుడు దాని అధిదేవత. శూన్యగృహం, అడవి, నక్కల కూతలు, గుడ్లగూబల అరుపులు దానికి విభావాలు. భరతుడి పేరైనా పో విని ఉండడు. అయినా 1839 సెప్టెంబరులో, తాను సహాయ సంపాదకుడిగా ఉన్న ఫిలడెల్ఫియా మాసపత్రికలో 'ది ఫాల్ ఆఫ్ ద హౌస్ ఆఫ్ అషర్' అచ్చువేసినప్పుడు, ఈ సామగ్రితోనే పని మొదలుపెట్టాడు. వెలవెలబోయిన పాత భవంతి, ముందు కదలని మడుగు, గోడ మీద పైనుంచి నీటిదాకా దిగిన సన్నని బీట. మనిషిలోని బీటను చూపించాల్సి వచ్చేసరికి మాత్రం వచనాన్ని పక్కన పెట్టి పద్యం ఎత్తుకున్నాడు. కథలో రోడరిక్ అషర్ పాడే పాట, అంతకు కొన్ని నెలల ముందు బాల్టిమోర్ పత్రికలో విడిగా వచ్చిన 'ది హాంటెడ్ ప్యాలెస్' కవిత. ఒక రాజభవనం పాడైపోవడాన్ని వర్ణించే ఆరు చరణాలవి. ఆ భవనం ఒక మనిషి శిరస్సేనని, లోపలి రాజు ఆ మనిషి వివేకమేనని చదువుతుండగానే మనకు అర్థమవుతుంది. రోడరిక్‌కు మతి చలిస్తోందని కథకుడికీ మనకీ తేటతెల్లం చేసేది ఆ పాటే. దాన్ని తీసేస్తే కథకు గుండె ఉండదు. 'లిజీయా' సంగతి ఇంకా విశేషం. ఆ కథ మొదట 1838లో వచ్చింది. 1843లో విడిగా అచ్చయిన 'ది కాంకరర్ వర్మ్' కవితను తెచ్చి 1845లో ఆ కథలో చేర్చాడు. అచ్చయి జనం చదివేసిన కథను ఏడేళ్ళ తర్వాత మళ్ళీ తెరిచి, దానికి ఒక కవిత బాకీ ఉన్నానని అనుకున్నవాడు పో.

కథల మధ్య వచ్చే పద్యాలను దాటెయ్యాలని ఏ అనువాదకుడికైనా అనిపిస్తుంది. కథ ఎక్కడా ఆగదు, పని కూడా తొందరగా తెములుతుంది. ఈమె దాటెయ్యలేదు. నా మెప్పులో సగం అందుకే.

పుస్తకాల విషయంలో పోకు 1845 పెద్ద సంవత్సరం. జనవరి 29న న్యూయార్క్ ఈవెనింగ్ మిర్రర్‌లో 'ది రేవన్' వచ్చింది, కొద్ది వారాల్లోనే అతని పేరు నలుగురి నోళ్ళలో పడింది. అదే ఏడు వైలీ అండ్ పట్నమ్ సంస్థ పన్నెండు కథల 'టేల్స్'ను, నవంబరులో 'ది రేవన్ అండ్ అదర్ పోయమ్స్'ను వేసింది. కథలను ఎంపిక చేసింది సంపాదకుడు ఎవర్ట్ డైకింక్. పరిశోధక బుద్ధి చూపించే కథలకే మొగ్గాడని, తన వైవిధ్యం అందులో కనబడలేదని పో తర్వాత ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో బాధపడ్డాడు. అంతకుముందు రెండు సంపుటాలుగా వచ్చిన తొలి కథల పుస్తకానికి అతనికి ముట్టింది కొన్ని ప్రతులే, డబ్బు కాదు. 1827 నాటి మొట్టమొదటి కవితల పుస్తకం మీదైతే పేరు కూడా లేదు, 'ఒక బోస్టన్ వాసి' అని మాత్రమే ఉంది. విదేశీ రచయితలకు అమెరికాలో కాపీరైటు రక్షణ దొరికింది 1891లో. అందాకా ఇంగ్లండు నవలలను పైసా ఇవ్వకుండా అచ్చేసుకునే వీలున్నప్పుడు, సొంత దేశపు రచయితకు డబ్బులిచ్చే అవసరం ప్రచురణకర్తకేముంది? కవిత్వం పోకు కూడు పెట్టలేదు. పత్రికలకు రాసిన కథలూ సమీక్షలూ ఏదో కొంత పెట్టాయి. అందువల్లనే కథలు పొట్టకోసమని, కవితలు మనసుకోసమని ఒక అభిప్రాయం పాతుకుపోయింది. రెండింటి నిర్మాణం పక్కపక్కన పెట్టి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు.

'ది రేవన్'నే తీసుకోండి. పద్దెనిమిది చరణాల్లో ఎనిమిదోదాని నుంచి చివరిదాకా ప్రతి చరణమూ ఒకే పలుకుతో ముగుస్తుంది. శతకాలు చదివిన తెలుగువాడికి మకుటం కొత్త కాదు. భక్తి శతకంలో పద్యం ఎన్ని కష్టాలు చెప్పుకున్నా చివర మకుటం దగ్గరికి వచ్చేసరికి ఒక శరణు దొరుకుతుంది. పో అదే పరికరాన్ని తిరగేసి పట్టుకున్నాడు. ఇక్కడ మకుటం వచ్చినప్పుడల్లా ఒక తలుపు మూతపడుతుంది. కవితలోని రేవన్ పక్షికి వచ్చిన మాట ఒక్కటేనని, దాన్ని ప్రశ్నలు అడిగేవాడికి తెలుసు. తెలిసీ, ఆ జవాబు తనను మరింత కోసే విధంగా ప్రశ్న మీద ప్రశ్న వేస్తాడు. పో తానే 1846 నాటి వ్యాసంలో ఈ సంగతి వివరించాడు. భయం పక్షిలో లేదు, అడిగేవాడిలో ఉంది. ఇక 'ది మాస్క్ ఆఫ్ ద రెడ్ డెత్' చదవండి. ఏడో గదిలోని నల్ల గడియారం గంట కొట్టినప్పుడల్లా నాట్యం ఆగిపోతుంది, నవ్వులు ఆగిపోతాయి, మళ్ళీ మొదలవుతాయి. వచనంలో ఉన్నా అది మకుటమే. 'ది టెల్‌టేల్ హార్ట్'లో హంతకుడు అన్నమాటే మళ్ళీ మళ్ళీ అంటూ పోవడం కూడా ఛందస్సు తెలిసిన చెయ్యి చేసిన పనే.

ఫ్రెంచివాళ్ళు ఈ సంగతి ముందే గ్రహించారు. పో కథలను బోదలేర్, కవితలను మలార్మే అనువదించారు. ఇద్దరూ మహాకవులే. తెలుగులో ఈ పని ఒక కవి చేతికి రావడం అందుకే సబబు. ఆ హంతకుడి పునరుక్తులను సంస్కరణ పేరుతో ఎవరైనా కత్తిరిస్తారు. ఈమె ఒక్కటి కూడా వదల్లేదు. ఊపిరి అందని ఆ చిన్న వాక్యాలు తెలుగులో పైకి చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది. కవితలను వృత్తాల్లో బిగించకుండా మాత్రల నడకలో పెట్టడం మంచి నిర్ణయం. 'యులాలూమ్'లో కొన్ని పాదాలు నా చెవికి ఇంకా కుంటుతున్నాయి. చెబితే కొన్ని మార్చింది, కొన్ని అలాగే ఉంచింది. తన చెవిని తను నమ్ముకుంది, అలాగే ఉండాలి.

పాఠకులకు ఒక్క విన్నపం. కవితల భాగాన్ని చివరికి వాయిదా వెయ్యకండి. ముందు 'ది రేవన్' గొంతెత్తి చదివి, ఆ తర్వాతే కథల్లోకి వెళ్ళండి. చిరంజీవి అనువాదకురాలికి నాదొక కోరిక. పో పూర్తిచేసిన ఒకే ఒక్క నవల, 1838 నాటి ఆర్థర్ గోర్డన్ పిమ్ సముద్రయానం, ఇంకా మిగిలే ఉంది. దాని కన్నా ముందు, ఈ అనువాదం కోసం పక్కన పెట్టిన తన సొంత కథల సంపుటిని అచ్చుకివ్వాలి. దానికీ నన్నే ముందుమాట రాయమంటే సంతోషంగా రాస్తాను.