నలభై రెండు రోజుల లెక్క

తేనెపెట్టె మూత తీయగానే ముందు వాసన చూస్తాను. మైనం, పుప్పొడి, పచ్చి తేనె కలిసిన వెచ్చని వాసన వస్తే ఈగలు కులాసాగా ఉన్నట్టే. పండిన అరటిపండు వాసన తగిలితే మాత్రం ఓ అడుగు వెనక్కి వేస్తాను. అది కుట్టిన ఈగ వదిలే హెచ్చరిక. ఆ వాసన అంటిన చోటికే మిగతావీ వచ్చి కుడతాయి. మనం పట్టే పొగ ఆ కబురును కొంతసేపు మరుగుపరుస్తుంది.

ఈ మధ్యే పెట్టెలు పెట్టిన మా ఊరి కుర్రాడు మొన్న అడిగాడు: "బాబాయ్, ఫెరోమోన్ పెడితే తేనె బాగా పెరుగుతుందట, నిజమేనా?"

నిజం ఉంది. చీకటి పెట్టెలో వేల ఈగలు ఒక్క ఇల్లుగా మెలిగేది చాలావరకు ఫెరోమోన్లు అనే ఈ వాసనలతోనే. రాణి దవడ గ్రంథుల నుంచి వచ్చే అయిదు రసాయనాలు కలిసి కూలి ఈగలను తన చుట్టూ చేరుస్తాయని 1988లో కెనడా శాస్త్రవేత్తలు చూపించారు. 1990లో ఫ్రాన్స్‌లో ఈవ్ లె కాంట్ బృందం పిల్లపురుగుల ఒంటి మీద ఎస్టర్లనే పది రసాయనాలను గుర్తించింది. పిల్లల ఆకలి పెద్దలకు తెలిపే కబురు అది. దాన్ని తయారుచేసి పెట్టెలో ఉంచితే పుప్పొడికి వెళ్లే ఈగలు పెరుగుతాయని అమెరికాలో టాన్యా పాంకివ్ ప్రయోగాల్లో తేలింది. పుప్పొడి వస్తే పిల్లలు పెరుగుతారు, పిల్లలు పెరిగితే బలగం పెరుగుతుంది.

అయితే రైతు లెక్క ఇక్కడే మొదలవుతుంది. ఇటాలియన్ ఈగలో గుడ్డు కూలి ఈగగా బయటికి రావడానికి 21 రోజులు. అది పూల మీదికి వెళ్లడానికి ఇంకో మూడు వారాలు. మొత్తం 42 రోజులు. ఒక ఏడాది నేను పొద్దుతిరుగుడు పూత మొదలయ్యాక చక్కెర పాకం పోసి పిల్లల్ని పెంచాను. ఆ ఈగలు పనికొచ్చే వేళకు చేను ఎండిపోయింది. దాచుకున్న తేనె అంతా అవే తినేశాయి. పాకంతో జరిగిన ఆ నష్టం ఫెరోమోన్‌తోనూ జరగొచ్చు. వాసన ఆకలిని రేపగలదు, అన్నం పెట్టలేదు.

డబ్బు పెట్టి కొనకుండానే ఈ కబురు పంపే దారి మన చేతిలో ఎప్పటినుంచో ఉంది. రాణి చచ్చిపోయిన పెట్టెలో కొన్నాళ్లకు కూలి ఈగలే గుడ్లు పెడతాయి, వాటి నుంచి పోతుటీగలే పుడతాయి. అంతవరకూ రానీయకుండా మరో పెట్టెలోని గుడ్లు, లేత పిల్లలు ఉన్న చట్రం ఇస్తాం. ఆ పిల్లల వాసన కూలి ఈగల గుడ్లను అదుపులో ఉంచుతుంది, ఆ లేత పిల్లల్లోంచే అవి కొత్త రాణిని పెంచుకుంటాయి. చట్రం ఇచ్చే పెట్టెలో జబ్బు లేదని మాత్రం ముందు చూసుకోవాలి. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాది దేశీ ఈగలను ఎలా తుడిచిపెట్టిందో పాత పెంపకందార్లు మరిచిపోలేదు.

కుర్రాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఫెరోమోన్ పెట్టేముందు పెట్టె చుట్టూ రెండు కిలోమీటర్లు తిరిగి చూడండి. ఇప్పుడు పుప్పొడి ఎక్కడ దొరుకుతుందో, ఆరు వారాల తర్వాత ఏ చేను పూస్తుందో చెప్పగలిగితేనే ఆ పొట్లం విప్పండి.